ఓడ పెట్టెలో తోట, గదిలో తోట: ఒక విమర్శ

కొన్ని సంవత్సరములుగా పత్రికలలో ఒక ఛాయాచిత్రము తరచుగా కనిపించుచున్నది. ఓడలలో సరకులు పంపు ఇనుప కంటైనరు ఒకటి ఖాళీస్థలములో నిలిచియుండును. దాని తలుపు తెరచియుండును. లోపల గులాబిరంగు వెలుగు. ఆ వెలుగులో అరలు అరలుగా పచ్చని ఆకుకూర. చిత్రము క్రింది వాక్యములు కూడ దాదాపు ఒక్కతీరుగనే ఉండును. మట్టి లేదు, ఎండ అక్కరలేదు, రెండెకరముల పంట ఒక్క పెట్టెలో పండును, పొలమునకు వాడు నీటిలో నూటికి అయిదు పాళ్లు చాలును, ఎక్కడనైనను పెట్టుకొనవచ్చును అని. దీనిని చూచిన విద్యార్థి "మన పాఠశాలలో ఇట్టిది పెట్టలేమా?" అని అడిగినచో ఉపాధ్యాయుడు ఏమి చెప్పవలెను?

దీపపు వెలుగులో మొక్కలు పెరుగునా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. పెరుగును, ఆ సంగతి శాస్త్రజ్ఞులు ఏనాడో నిరూపించిరి. తోటను పెట్టెలో పెట్టవలెనా, కట్టియున్న గదిలో పెట్టవలెనా అన్నదే మన ప్రశ్న. ప్రకటనలలో కంటైనరు గుణములుగా చెప్పబడుచున్న వానిలో నిజముగా కంటైనరువి ఎన్ని, లోపలి దీపములవి, ఏ.సి. యంత్రమువి, పంపులవి ఎన్ని అని విడదీసి చూచినగాని దీనికి సమాధానము దొరకదు. విడదీసి చూచినపుడు పెట్టె పాలికి మిగులునది మిక్కిలి స్వల్పమని నా అభిప్రాయము. ఎందులకో లెక్కలతో చెప్పెదను.

ముందుగా ఆ పెట్టె పుట్టుక చూతము. 1956 ఏప్రిల్ 26వ తేదీన అమెరికాలోని న్యూవార్క్ రేవునుండి 'ఐడియల్ ఎక్స్' అను ఓడ 58 పెట్టెలతో హ్యూస్టన్ నగరమునకు బయలుదేరినది. లారీలు నడుపు మాల్కం మెక్లీన్ అను వ్యాపారి ఆలోచన అది. సరకును మూట మూటగా దింపి ఎక్కించుటకు మారుగా పెట్టెను పెట్టెగానే ఎత్తి ఓడపై పెట్టవలెనని ఆయన తలచెను. తరువాత పెట్టెల కొలతలు ప్రపంచమంతటికిని ఒక్కటిగా నిర్ణయింపబడినవి. వెడల్పు 8 అడుగులు, పొడవు సాధారణముగా 20 లేక 40 అడుగులు. ఈ కొలతలు లారీకి, రైలుకు, క్రేనుకు సరిపడునట్లు పెట్టినవి. మొక్కను ఎవరును అడుగలేదు. సముద్రయానములో పురుగు పట్టకుండుటకై చాల కంటైనర్ల అడుగుచెక్కకు మందు పట్టించియుందురు. తిను పంటకు ఆ పెట్టెను వాడదలచినవాడు ముందుగా చూచుకొనవలసినది అదే. కాని ప్రకటనల చిత్రములలో నేల కనబడదు.

పెట్టె గొప్పతనమంతయు కదలుటలో ఉన్నది. తోట కదలదు. కరెంటు తీగ, నీటి గొట్టము, మురుగు కాలువ ఒకసారి తగిలించిన పిదప ఆ పెట్టె ఇంటివలెనే ఒకచోట పాతుకొనిపోవును. కదలుటకై చేసిన వస్తువును కదలని పనికి వాడునపుడు, దాని ఇతర గుణములైనను ఆ పనికి తగియున్నవా అని అడుగవలసియున్నది.

తగియుండుట అనగానేమి? దీనికి మంచి కొలబద్ద జపానునుండి లభించుచున్నది. చీబా విశ్వవిద్యాలయమునకు చెందిన తొయొకి కొజాయ్, మరి ఇద్దరు సంపాదకులతో కలిసి 2015లో వెలువరించిన 'ప్లాంట్ ఫ్యాక్టరీ' అను ఆంగ్ల గ్రంథములో ఇట్టి తోటకు ఆరు అంగములు చెప్పిరి. ఉష్ణము చొరకుండ, గాలి దాదాపు చొరకుండ మూసిన గిడ్డంగివంటి కట్టడము, దీపములు అమర్చిన అరలు, ఏ.సి. యంత్రములు, పంకాలు, బొగ్గుపులుసు వాయువును అందించు సాధనము, పోషకద్రావణమును అందించు సాధనము, వీనినన్నిటిని అదుపులో ఉంచు ఏర్పాటు. ఈ పట్టికలో చక్రములు లేవు, క్రేను కొక్కెము లేదు, ఎనిమిదడుగుల వెడల్పు లేదు. దీనికి ముందు 2010లో అమెరికా ఆచార్యుడు డిక్సన్ డెస్పొమ్మియర్ వ్రాసిన 'ది వర్టికల్ ఫామ్' అను గ్రంథమే ఈ విషయమునకు లోకమున ప్రచారము తెచ్చినది. అందు ఉత్సాహము ఎక్కువ, విద్యుత్తు లెక్క తక్కువ. కొజాయ్ గ్రంథము చదువుటకు ఎండు గడ్డివలె ఉండును గాని ఉపాధ్యాయునకు పనికివచ్చునది అదే. నేటి కంటైనరు ప్రకటనలు మొదటి గ్రంథపు కంఠముతో మాటలాడుచున్నవి. రెండవదాని లెక్కలు వేయుట లేదు.

ఆ లెక్క మనమే వేయుదము. ఉన్నత పాఠశాల విద్యార్థికి వచ్చిన భౌతికశాస్త్రము దీనికి చాలును.

40 అడుగుల కంటైనరులో అరలన్నియు కలిపి 40 చదరపు మీటర్ల మడి ఉన్నదనుకొందము. లెట్యూస్ వంటి ఆకుకూరకు చదరపు మీటరుకు 100 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు, దినమునకు 16 గంటలు వెలిగింతము. మొత్తము 4 కిలోవాట్లు; దినమునకు 64 యూనిట్ల విద్యుత్తు. ఈ శక్తి ఎక్కడికి పోవును? కొంత భాగము దీపములోనే వేడిగా మారును. వెలుగుగా మారినది ఆకులపై, అరలపై, గోడలపై పడి వేడిగా మారును. కిరణజన్య సంయోగక్రియవలన ఆకులో రసాయనిక శక్తిగా నిలుచునది బహు కొద్ది పాళ్లు మాత్రమే. మూసిన పెట్టెలోనికి పోయిన విద్యుత్తు దాదాపు అంతయు వేడియే యగును. నాలుగు కిలోవాట్ల హీటరు ఒకటి దినమునకు 16 గంటలు మూసిన పెట్టెలో మండుచున్నదని భావించుడు. మన తోట నిజముగా అదియే.

ఐనచో లోపల గాలి ఆ వేడి అంతటితో ఉడికిపోవునా? లేదు. ఇక్కడ మొక్క ఒక చమత్కారము చేయును. బాష్పోత్సేకమువలన చదరపు మీటరు మడినుండి దినమునకు రెండు లీటర్ల నీరు ఆవిరియైనదనుకొన్నను 40 మీటర్లకు 80 లీటర్లు. ఒక కిలో నీటిని ఆవిరి చేయుటకు గుప్తోష్ణము సుమారు 2,450 కిలోజౌళ్లు కావలెను. 80 కిలోలకు లెక్కించినచో 54 యూనిట్లగును. దీపములు ఇచ్చిన 64 యూనిట్లలో 54 యూనిట్లను మొక్కలే ఆవిరిగా మార్చి గాలిలోనికి వదలినవన్నమాట! కనుక ఈ తోటలో గాలిని చల్లబరచుట కంటె తేమను తీసివేయుటయే పెద్ద పని.

ఈ తేమ ఎంత త్వరగా పేరుకొనునో చూడుడు. పెట్టెలో గాలి సుమారు 65 ఘనపు మీటర్లు. 22 డిగ్రీల వద్ద ఘనపు మీటరు గాలి సుమారు 19 గ్రాములకు మించి ఆవిరిని పట్టలేదు. గాలి అప్పటికే నూటికి 60 పాళ్లు తేమతో ఉన్నచో ఇంక పట్టగలిగినది అరకిలో మాత్రమే. మొక్కలు గంటకు అయిదు కిలోల చొప్పున విడుచుచున్నవి. ఏ.సి. యంత్రము ఆగినచో ఆరేడు నిమిషములలో గాలి తేమతో నిండిపోవును. గోడలకు చెమట పట్టును. ఒక్క రాత్రి కరెంటు పోయినచో తెల్లవారుసరికి ఆకులపై బూజు తెగులుకు కావలసిన ఏర్పాట్లన్నియు సిద్ధముగా ఉండును.

మరియొక చిక్కు. ఇండ్లలో వాడు ఏ.సి. యంత్రము ఉష్ణోగ్రతను చూచి నడుచునుగాని తేమను చూచి నడువదు. దీపములు ఆర్పిన గంటలలో వేడి తగ్గును, యంత్రము తన పని అయినదనుకొని ఆగును. మొక్కలు మాత్రము కొంత ఆవిరిని విడుచుచునే ఉండును. మొక్కలు చెడునది చాలసార్లు ఈ చీకటి గంటలలోనే. కనుక తేమను తీయు యంత్రము వేరుగా ఉండవలెను. ఇది పెట్టెకైనను గదికైనను సమానమే. కాని పెట్టెలో గాలి తక్కువ. చుట్టును వేడిని, తేమను కొంతసేపు దాచుకొను గోడలు లేవు. కనుక తప్పు జరిగినపుడు దిద్దుకొనుటకు వ్యవధి తక్కువ.

బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, సంగతి ఇంకను విచిత్రము. 65 ఘనపు మీటర్ల బయటి గాలిలో అది సుమారు 50 గ్రాములు మాత్రమే ఉండును. మంచి వెలుగులో చదరపు మీటరు ఆకుకూర గంటకు సుమారు ఒక గ్రామునకు పైగా పీల్చుకొనును. 40 మీటర్ల మడి గంటలో పెట్టెలోని వాయువునంతటిని ఊడ్చివేయగలదు. నిజమునకు అంతవరకు పోదు. వాయువు తగ్గినకొలది మొక్క పని మందగించును, పెరుగుదల ఆగును, దీపములు మాత్రము వెలుగుచునే ఉండును. అందువలననే సిలిండరు పెట్టుదురు. లోపల పనిచేయు మనిషి ఒకడు గంటకు 35, 40 గ్రాములు విడుచును గనుక అతడు ఉన్నంతసేపు మొక్కలకు విందే! అతడు ఇంటికి పోయిన తరువాత సిలిండరు తప్పదు. గాలి చొరకుండ మూసిన కట్టడము కావలెనని కొజాయ్ చెప్పుటకు ఒక కారణమిది. పగుళ్లున్న గదిలో కొన్న వాయువు బయటికి పోవును. ఈ ఒక్క విషయములో కంటైనరు సాధారణ గదికంటె మేలు; దాని తలుపులు రబ్బరు అంచులతో సముద్రపు నీటిని ఆపుటకై చేసినవి.

ఇక ఎండ మాట. ఇనుప పెట్టె ఎండలో కాలిపోవును గదా అని మన ఊళ్లలో ఎవరైనను అందురు. ఈ ఆక్షేపణ సగమే నిజము. 40 అడుగుల పెట్టె బయటి వైశాల్యము ఆరు ముఖములు కలిపి సుమారు 135 చదరపు మీటర్లు. వెలుపల 42 డిగ్రీలు, లోపల 22 డిగ్రీలు అనుకొందము. ఏ పూతయు లేని పలుచని ఇనుపరేకు చదరపు మీటరుకు, డిగ్రీ తేడాకు సుమారు 5 వాట్లు లోనికి రానిచ్చును. మొత్తము 13 కిలోవాట్లకు పైమాట. దీపముల వేడికి మూడు రెట్లు. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల ఏప్రిల్, మే నెలలలో అట్టి పెట్టెలో తోట అసాధ్యము. కాని చేపలు, మాంసము పంపు శీతల కంటైనరు వేరు. దాని గోడలలో పాలియురెథేన్ నురుగు ఉండును. దానిగుండ వచ్చునది 0.4 వాటు మాత్రమే. లెక్కించినచో ఒక్క కిలోవాటు. కాలిన పైకప్పుకు మరికొంత కలుపుడు. దీపములవే నాలుగు కిలోవాట్లు గదా. కనుక మంచి పెట్టెలో శత్రువు వెలుపలి సూర్యుడు కాడు, లోపలి దీపమే. చలిదేశములలో శీతకాలపు రాత్రులందు సైతము ఇట్టి తోటలకు వేడి పెట్టనక్కరలేకుండుట, పైగా చల్లబరచవలసి వచ్చుట ఇందువలననే.

గదిని కూడ ఇదే త్రాసులో పెట్టుదము. అంతే నేల, అనగా ఇంచుమించు అయిదుంబావు మీటర్ల చదరపు గది. పైన మరియొక అంతస్తు, మూడు ప్రక్కల వేరే గదులు, ఒక్క గోడ వెలుపలికి. ఇటుకగోడ ఇనుపరేకు కంటె చాల మేలుగాని శీతల కంటైనరుకు సాటి రాదు. ఇంచుమించుగా లెక్కించినచో మూడు కిలోవాట్ల వేడి లోపలికి వచ్చును. గోడలకును పైకప్పుకును లోపలివైపు రెండంగుళముల థర్మోకోల్ పలకలు కొట్టినచో అది ఒక కిలోవాటు దరిదాపులకు దిగును. పొరుగు గదులు దానికి గొడుగు పట్టుటయే కారణము. ఖరీదైన శీతల కంటైనరు ఇచ్చు రక్షణను రెండంగుళముల థర్మోకోల్ సాధారణ గదికి ఇచ్చుచున్నది. అయితే థర్మోకోల్ త్వరగా అంటుకొను వస్తువు. తీగలు, దీపములు ఉన్నచోట దానిని మంటకు తట్టుకొను పలకతో కప్పక తప్పదు. ఈ మాట చెప్పక లెక్క మాత్రము చెప్పుట అపచారము.

గదికి లాభము నడవలో కూడ ఉన్నదని కొందరందురు. అది సరికాదు. శీతల కంటైనరు లోపలి వెడల్పు సుమారు 2.3 మీటర్లు, మధ్య 75 సెంటీమీటర్ల నడవ విడిచినచో మూడవవంతు నేల దానికే పోవును. గదిలో రెండు నడవలు, మూడు వరుసల అరలు పెట్టి చూచినను మూడవవంతే పోవును. తేడా అంతయు గాలిలో ఉన్నది. పన్నెండు మీటర్ల సొరంగములో ఒక కొనను ఏ.సి. యంత్రమున్నచో రెండవ కొనకు చేరుసరికి గాలి వేడెక్కి తేమ పట్టియుండును. దాని ఫలితము లెట్యూసు ఆకులపై కనబడును. లోపలి లేత ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగి మాడును. చూచినవారు నీరు చాలలేదందురు, ఎరువు ఎక్కువైనదందురు. నిజము వేరు. కాల్షియము మొక్కలో నీటితోపాటు పైకెక్కును. ఆకు ఆవిరిని విడిచిననే నీరు ఎక్కును. కదలని తడిగాలిలో ముడుచుకొనియున్న లేత ఆకు ఆవిరిని విడువలేదు, కాల్షియము అందదు, అంచు కణములు చచ్చును. ద్రావణములో కాల్షియము నిండుగా ఉన్నను ఇది జరుగును. దీనికి మందు పంకాయే. చతురముగా ఉన్న గదిలో ప్రతి అరకును సమానముగా గాలి అందించుట సులువు. సొరంగములో అడుగడుగునకు పంకా పెట్టవలెను, ప్రతి పంకాయును మరికొంత వేడిని చేర్చును.

ప్రకటనలలోని ఆ రెండు గొప్ప అంకెలను ఇపుడు చూడవచ్చును. నీటి అంకె చాలవరకు సత్యమే. పొలములో మొక్క విడిచిన ఆవిరి గాలిలో కలిసిపోవును, ఇక్కడ ఏ.సి. చుట్టలపై నీరుగా మారి బొట్టు బొట్టుగా కారును. ఆ 80 లీటర్లను పట్టి తిరిగి ద్రావణపు తొట్టిలో పోసినచో మొక్కతో బయటికి పోవు నీరు మాత్రమే ఖర్చు. కాని ఈ పొదుపు పెట్టెది కాదు, చల్లని చుట్టది. గదిలో సైతము అంతే దక్కును. రెండెకరముల అంకె ఎట్లు వచ్చినది? అరల సంఖ్యను, సంవత్సరములో పంటల సంఖ్యను, మొక్కల దగ్గరతనమును హెచ్చవేయగా వచ్చినది. హెచ్చవేతలో తప్పు లేదు. ఒక అంశమును వదలివేసిరి. దీపములకు 64, ఏ.సి.కి సుమారు 20, పంపులు పంకాలకు 10 కలిపి దినమునకు 95 యూనిట్లు కావలెను. మన ఎండలో ఒక కిలోవాటు సౌరఫలకము దినమునకు నాలుగు యూనిట్లకు కొంచెము పైగా ఇచ్చును. 22 కిలోవాట్ల ఫలకములు కావలెను. వానికి 120 చదరపు మీటర్లు. పెట్టె పైకప్పు 30 మీటర్లే. పైకప్పునంతటిని ఫలకములతో కప్పినను నాలుగవవంతు కరెంటు వచ్చును. సూర్యుని వెలుగును ఫలకముతో పట్టి, కరెంటు చేసి, తిరిగి దానిని వెలుగు చేసి, ఆకుపై పోయుచున్నాము. ప్రతి మెట్టుపైనను కొంత ఒలికిపోవును. దినమునకు అయిదు కిలోల ఆకు వచ్చినదనుకొన్నచో కిలోకు 19 యూనిట్లు పడును. ఆ కిలోలో 950 గ్రాములు నీరే. వరి, గోధుమలు ఈ పద్ధతిలో ఎవరును పండించి అమ్ముట లేదు ఎందులకో పాఠకులు ఊహింపవచ్చును.

ఇంతవరకు చదివినవారికి గదియే సర్వోత్తమమని తోచవచ్చును. గదికి ఉన్న దోషములు సామాన్యమైనవి కావు. నీరు బరువైనది. ఒక్కొక్క అరలో పది సెంటీమీటర్ల లోతు ద్రావణమున్నచో చదరపు మీటరుకు 100 కిలోలు; నాలుగు అరలకు 400 కిలోలు, ఇనుప చట్రము బరువు వేరు. మన దేశపు కట్టడముల ప్రమాణము, ఐ.ఎస్. 875 రెండవ భాగము, నివాసపు గదుల నేలకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువును, తరగతి గదులకు సుమారు 300 కిలోలను లెక్కకు తీసికొనుచున్నది. కనుక మేడమీది గదిలో లోతైన తొట్ల తోట పెట్టుట ప్రమాదకరము. నేలమీది అంతస్తులో పెట్టవలెను, లేదా నీటి పలుచని పొర మాత్రమే పారు కాలువలు వాడవలెను. కంటైనరు ఇరవై టన్నులకు పైబడిన సరకును మోయుటకు చేసినది. అందులో ఈ చింత లేదు. సున్నపు గోడ తేమను పీల్చి బూజు పట్టును. ప్లాస్టిక్ పొర వేయక తప్పదు. పాఠశాల గదికి ఇంకొక దోషము: పరీక్షల కాలములో ఆ గది కావలెనందురు! పెట్టెను ఎవరును పరీక్షలకు అడుగరు.

ఈ వాదమును భూమిపై మిక్కిలి కఠినమైన స్థలమున పరీక్షించి చూచిరి. అంటార్కిటికాలో రెండు విధముల తోటలును పండినవి. దక్షిణ ధ్రువమందలి అమెరికా వారి అమండ్‌సెన్-స్కాట్ స్థావరములో 2004 నుండి పెంచిన తోట భవనములోని ఒక గది. అరిజోనా విశ్వవిద్యాలయము వారు దాని నిర్మాణములో తోడ్పడిరి. ఆరు నెలల చీకటిలో ఉండు ఉద్యోగులు ప్రక్కనున్న చిన్న గదిలో కూర్చుండి పచ్చదనమును చూచుటకు కూడ అందు ఏర్పాటున్నది. అట్టి చలిలో దీపపు వేడి శత్రువు కాదు, మిత్రుడు. తోట భవనములోనే ఉండుటవలన తోటమాలి కోటు వేసికొనకయే పనికి పోవచ్చును.

రెండవది జర్మనీ వారి న్యూమేయర్-3 స్థావరము వద్ద 2018లో నడచిన 'ఈడెన్ ఐ.ఎస్.ఎస్.' తోట. 20 అడుగుల కంటైనర్లు రెండు కలిపి, స్థావరమునకు సుమారు 400 మీటర్ల దూరమున నిలిపిరి. పాల్ త్సాబెల్ అను ఇంజనీరు శీతకాలమంతయు అందు పనిచేసెను. 12.5 చదరపు మీటర్ల మడిలో తొమ్మిదిన్నర నెలలలో 268 కిలోల కూరలు పండినవి. అందు 67 కిలోలు దోసకాయలు, 50 కిలోలు టొమాటోలు. చెప్పుకొనదగిన ఫలితము. కాని చదరపు మీటరు మడికి సగటున 0.8 కిలోవాటు ఖర్చైనదని ఆ సంస్థయే వెల్లడించినది. హెచ్చవేయుడు. ఎల్లవేళల 10 కిలోవాట్లు. తొమ్మిదిన్నర నెలలకు సుమారు 69,000 యూనిట్లు. కిలోకు 250 యూనిట్లకు పైన. దీనిని చూచి నవ్వరాదు. చంద్రునిపై, అంగారకునిపై తోట ఎట్లు నడుపవలెనో నేర్చుకొనుటకు పెట్టిన ప్రయోగమది. రోదసి తోటలకు అంతకుముందు వేసిన అంచనాలో ఇది సగముకంటె తక్కువ. ఓడపై తేవలెను, తిరిగి తీసికొనిపోవలెను, స్థావరమునకు దూరముగా ఉండవలెను. కంటైనరుయొక్క నిజమైన గుణములన్నియు అక్కడ అవసరమైనవి. అట్టి అవసరము లేనిచోట ఆ ఖర్చును మాత్రము తెచ్చిపెట్టుకొనుట ఎందులకు?

వ్యాపారములో జరిగినది మరియొక పాఠము. బోస్టన్ నగరపు 'ఫ్రైట్ ఫామ్స్' సంస్థ కంటైనరు తోటలను తయారుచేసి చాల దేశములకు అమ్మినది. పాఠశాలలు, కళాశాలలు కూడ కొన్నవి. దీపములు, పంపులు, కొలత సాధనములు అన్నియు అమర్చి, తలుపు తెరచి విత్తు వేయుటయే తరువాయి అనునట్లు ఇచ్చిరి. నడుపు సాఫ్ట్‌వేరు కూడ ఆ సంస్థదే. 2025లో ఆ సంస్థ దివాలా కోరినది. సిద్ధముగా వచ్చు పెట్టెకు ఇదియే లోపము. గదిలో దీపము చెడినచో వీధి చివర అంగడిలో మరియొకటి దొరకును, ఏ.సి. చెడినచో ఊరిలోని మెకానిక్కు వచ్చును. ఒకే తయారీదారుని భాగములతో, ఒకే తయారీదారుని సాఫ్ట్‌వేరుతో నడచు పెట్టె ఆ తయారీదారుని ఆరోగ్యముపై ఆధారపడియుండును. పెద్ద గిడ్డంగులలో తోటలు నడిపినవారు కూడ నష్టపోయిరి. 'ఏరోఫామ్స్' 2023లో, 'ప్లెంటీ' 2025లో న్యాయస్థానమును ఆశ్రయించినవి. కరెంటు లెక్క పెట్టెకును గదికిని ఒక్కటే గనుక దీనిలో ఆశ్చర్యము లేదు. గదిని ఎన్నుకొన్నంత మాత్రమున ఆకుకూర చవుక కాదు. పోయిన సొమ్ములో గది అయినను మిగులును.

కట్టడమే లేనిచోట, లేక రెండేళ్ల కౌలుకు మాత్రమే దొరకిన స్థలములో, లేక నేల బరువు మోయలేనిచోట కంటైనరు తగినది. అప్పుడు శీతల కంటైనరునే తీసికొనవలెను, నీడలో పెట్టవలెను, దీపములు సాయంకాలము వెలిగించి ఉదయమునకు ఆర్పవలెను.  

మరి మన ఉన్నత పాఠశాలకు? కంటైనరు అక్కరలేదు, ఏ.సి. గది కూడ అక్కరలేదు. నవంబరునుండి ఫిబ్రవరివరకు విజ్ఞానశాస్త్ర ప్రయోగశాలలో ఒక మూల చదరపు మీటరు అర ఒకటి, 100 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు, చిన్న బల్లపంకా చాలును. దినమునకు 1.6 యూనిట్లు ఖర్చగును. మూడు కుండీలలో లెట్యూస్ గాని తోటకూర గాని వేసి, కుండీ మట్టిపై ప్లాస్టిక్ కాగితము కప్పి, ఉదయము సాయంత్రము తూచవలెను. తగ్గిన బరువు ఇంచుమించు ఆకు విడిచిన ఆవిరియే. ఒక కుండీని పెద్ద గాజు జాడీ క్రింద బోర్లించి, ఒకదానిని పంకా ఎదుట, మూడవదానిని కదలని గాలిలో ఉంచినచో తేడా వారములోపల కనబడును. జాడీ లోపలిగోడపై కారిన నీటిని కొలగిన్నెలో పట్టి, ఆ కుండీ తగ్గిన బరువుతో పోల్చమని పదవ తరగతివారికి ఇవ్వవచ్చును. తరువాత ఆ అంకెను 40 చదరపు మీటర్లకు హెచ్చవేయించి, పైన నేను అనుకొన్న 80 లీటర్లు సరియైనదో కాదో వారినే తేల్చమనుడు.